గుడి ఊరికి రాజు రాసిచ్చిన హామీ

హైదరాబాద్ పేపర్లలో దేవుడి మాన్యాల గొడవలు ఎప్పుడూ ఉండేవే. ఇనాం ఎవరిచ్చారు, సర్వే నంబరెంత, రికార్డుల్లో ఎవరి పేరుంది అని. అవి చదివి చదివి ఉన్నానేమో, అలెగ్జాండర్ తర్వాతి గ్రీకు రాజుల శాసనాలు నాకు పరాయిగా అనిపించవు, ముఖ్యంగా సిరియా కొండల్లోని బైతొకైకే శాసనం.

అక్కడి గుడిలోని జియస్ అనే గ్రీకు దేవుడికి ఆంటియోకస్ అనే సెల్యూసిడ్ రాజు (అలెగ్జాండర్ తర్వాత సిరియా వైపు ఏలిన గ్రీకు వంశం వాడు) ఏకంగా ఊరినే రాసిచ్చేశాడు. ఊరి రాబడితో నెలనెలా బలులు జరపాలి, ప్రతి నెల 15న, 30న సంత పెట్టుకోవచ్చు, దానికి సుంకం లేదు, గుడి జోలికి ఎవరూ రాకూడదు, ఊళ్లో సైనికుల్ని దించకూడదు. నాకైతే అన్నిటికంటే పెద్ద వరం ఈ చివరిదే. దండు వచ్చి దిగిందంటే ఇల్లు ఖాళీ చేసి ఇవ్వాల్సింది ఊరివాళ్లే కదా!

రాజులకి ఇందులో భక్తి ఉండొచ్చు, కానీ అవసరం కూడా గట్టిగానే ఉంది. క్రీ.పూ. 200 ప్రాంతంలో జెరూసలేం అదే వంశపు మూడో ఆంటియోకస్ చేతికొచ్చింది. అక్కడి పూజారులకి, గుడి లేఖకులకి, గాయకులకి తలపన్ను, ఉప్పు పన్ను తీసేశాడని, గుడి మరమ్మతుకి తెచ్చే కలప మీద సుంకం వద్దన్నాడని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. కొత్తగా గెలిచిన చోట జనం గుడివాళ్ల మాట వింటారు మరి. ఈజిప్టులో టాలమీ అనే మరో గ్రీకు వంశపు రాజుల కాలంలో, క్రీ.పూ. 196 నాటి రోసెట్టా రాతి శాసనం మీదున్నదీ ఇలాంటిదే: గుడి భూముల మీద పన్ను రద్దు, పూజారులు ఏటా అలెగ్జాండ్రియాకి పడవెక్కి రావాల్సిన పని లేదు.

అదే మూడో ఆంటియోకస్ రోమ్ చేతిలో ఓడి, 15,000 టాలెంట్ల (వెండి తూకపు కొలత) పరిహారం నెత్తిన పడ్డాక, క్రీ.పూ. 187లో ఇప్పటి ఇరాన్‌లోని ఎలిమాయిస్‌లో బేల్ దేవుడి గుడి దోచుకోబోయి స్థానికుల చేతిలో చచ్చాడు. ఖజానా ఖాళీ అయితే రాజు మాట ఎంతవరకు నిలుస్తుందో గుడివాళ్లకి బాగా తెలుసు.

అందుకే కాబోలు బైతొకైకే వాళ్లు ఆ కాగితాన్ని వదల్లేదు. వందల ఏళ్ల తర్వాత, క్రీ.శ. 258-260 ప్రాంతంలో, రోమన్ చక్రవర్తి వలేరియన్ దగ్గరికి వెళ్లారు. పాత రాజులిచ్చిన హక్కులు చెక్కుచెదరకుండా గవర్నరు చూడాలి, ఎదుటి పక్షం దౌర్జన్యాన్ని ఆపాలి అని ఆయన ఉత్తర్వు ఇచ్చాడు. దాన్నీ, ఆంటియోకస్ పాత ఉత్తరాన్నీ కలిపి గుడి ప్రాకార ద్వారం దగ్గర చెక్కించి పెట్టుకున్నది ఆ గుడివాళ్లే.