ఎడమ రబ్బరు రిమ్మును వదలదు: బీఎంఎక్స్ బ్రేకుతో నా అనుభవం

ఇప్పుడే పని అయిపోయింది. రాత్రి పదిన్నర. గోళ్ల సందుల్లో గ్రీజు ఇంకా పోలేదు. రేపటి దాకా ఆగితే కోపం తగ్గుతది, కోపంతోపాటు కొలతలు కూడా మర్చిపోత. అందుకే ఇప్పుడే రాస్తున్న.

బండి మా మేనల్లుడిది. 20 అంగుళాల చక్రాల బీఎంఎక్స్ సైకిలు, వెనక చక్రానికి వీ బ్రేకు, అంటే రిమ్ముకు రెండు పక్కలా నిలబడ్డ రెండు ఆర్ములు రబ్బర్లతో రిమ్మును నొక్కే బ్రేకు. మన దిక్కు సైకిల్ షాపుల్లో దీన్నే పవర్ బ్రేకు అంటరు. బాధలు మూడు. లివరు నొక్కితే పిడికి ఆనేదాకా వస్తది. ఎడమ రబ్బరు రిమ్మును ఎప్పుడూ రాసుకుంటనే ఉంటది. గట్టిగ పట్టినప్పుడు వీధి చివరిదాకా వినబడేటట్టు కీచుమంటది. నల్లగొండలోనే ఒక షాపులో రెండుసార్లు చూపించినం. రెండుసార్లూ వైరు గుంజి బిగించి పంపిండ్రు. మూడోసారి పోతే, "పిల్లల సైకిలు సార్ ఇది, గింతే ఉంటది, గింత చూసుకుంటరా ఎవరన్నా" అన్నడు నలుగురి ముందట. పక్కన పిల్లగాడు తల దించుకున్నడు. ఆటోల నడుమ, లారీల నడుమ పన్నెండేండ్ల పిల్లగాడు తొక్కే బండికి 'గింతే ఉంటది' అన్న మాట చెల్లదు. పానాలు, అలెన్ కీలు ఇంట్లో ఉన్నయి. తెచ్చి నేనే కూసున్న.

వైరు జోలికి అన్నిటికంటే చివర పోవాలె. ముందు చైను. బీఎంఎక్స్‌కు గేర్లు ఉండవు, చైను బిగువు కోసం వెనక చక్రాన్నే ఫ్రేము గాడిలో ముందుకు, వెనక్కి జరుపుతం. బ్రేకు ఆర్ములు కూసునే స్టడ్లు (పొట్టి ఇనుప మొలకలు) ఫ్రేముకు వెల్డు చేసి ఉంటయి, అవి జరగవు. చక్రం నాలుగైదు మిల్లీమీటర్లు వెనక్కి పోయిందంటే రబ్బర్లు టైరు దిక్కు పోయినట్టు, ముందుకు వచ్చిందంటే పుల్లల దిక్కు దిగినట్టు. చైను బిగించి, బ్రేకు చూడకుండ బండి చేతికిచ్చే షాపులు ఎన్నో. టైరుకు రాసుకున్న రబ్బరు కొన్ని రోజుల్లోనే టైరు పక్కను కోసేస్తది. నడుమ వేలుతో నొక్కితే చైను ఒక సెంటీమీటరు ఆడేటట్టు పెట్టి, చక్రం రెండు దిక్కులా సమానంగ ఉందో చూసి, ఇరుసు నట్లు బిగించిన. 10 మి.మీ. ఇరుసుకు 15 నంబరు పానా, లావు 14 మి.మీ. ఇరుసుకు 17 నంబరు.

తర్వాత చక్రం ఔట్ తీయడం, అంటే రిమ్ము పక్కలకు ఊగకుండ చేసుడు. అరగంట పట్టింది. రిమ్ము ఏ పక్కకు వచ్చిందో దానికి ఎదురు పక్క పుల్ల పావు చుట్టు బిగించుడు, ఈ పక్కది పావు చుట్టు వదులుడు, అంతే.

అసలు కథ ఎడమ ఆర్ముతోనే మొదలైంది.

ఒక పక్క రబ్బరు రాసుకుంటే ఆ పక్క స్ప్రింగు స్క్రూ బిగించమని అందరూ చెప్తరు. ఆ మాట నిజమే. ఆర్ము కింది భాగంలో పక్కకు ఉండే చిన్న స్క్రూను లోపలికి తిప్పితే ఆ స్ప్రింగుకు బిగువు పెరిగి రబ్బరు రిమ్ముకు దూరం జరుగుతది. అర చుట్టు తిప్పుడు, లివరు నాలుగైదుసార్లు నొక్కుడు, చూసుడు. అట్లనే చేసిన. ఎడమ స్క్రూ మొత్తం లోపలికి పోయింది, రబ్బరు మాత్రం వెంట్రుకంత కూడా కదల్లేదు. కుడి స్క్రూ వదిలితే ఈసారి రెండు రబ్బర్లూ రిమ్మును పట్టుకున్నయి. స్టడ్డు మొదట్ల మూడు రంధ్రాలు ఉంటయి, స్ప్రింగు కొన దాంట్లో దిగుతది. ఎడమది పై రంధ్రంలో, కుడిది నడిమి దాంట్లో ఉన్నయి. ఇదే దొంగ అనుకొని రెండూ నడుమ పెట్టిన. రెండు దిక్కులా ఒకే రంధ్రం ఉండాలె, అది కూడా నడిమిదే. తేడా రాలేదు. స్ప్రింగు తీగను చేతితో బయటికి వంచి చూసిన. సాయంత్రం మంచిగుండె, పొద్దున లేచేసరికి మళ్ల రిమ్ముకు అతుక్కొని ఉంది. ఒక రోజు మొత్తం దీంట్లనే పోయింది.

రెండో రోజు స్ప్రింగును నమ్ముడు బంద్ చేసి ఆర్మునే అడిగిన. ఈ పరీక్ష అందరూ నేర్చుకోవాలె, దీనికి పైసా ఖర్చు లేదు. వైరు వచ్చే వంపు గొట్టాన్ని దాని కొక్కెం నుంచి తప్పించాలె. రెండు ఆర్ములు విడిపోతయి. స్ప్రింగు పొడుగు కొనను ఆర్ము వెనకున్న పిన్ను నుంచి వేలుతో పక్కకు తీయాలె. ఇప్పుడు ఆర్ముకు ఏ బలమూ లేదు, దాని బరువుకు అదే వాలిపోవాలె. కుడి ఆర్ము తలుపు రెక్క లెక్క ఇట్లంటే ఇటు, అట్లంటే అటు పడ్డది. ఎడమది ఎక్కడ పెడితే అక్కడనే నిలబడ్డది. దాన్ని తిప్పడానికి వేళ్లకు బలం పెట్టవలసి వచ్చింది. ఏ స్ప్రింగు వెనక్కి గుంజుతది దాన్ని?

ఆర్మును పట్టిన బోల్టు విప్పబోతే 5 మి.మీ. అలెన్ కీకి పైపు తొడిగితే గానీ కదల్లేదు. అంత బిగించిండ్రు. ఆర్ము గుంజితే స్టడ్డు మూతి దగ్గర తట్టుకొని ఆగింది. కొద్దికొద్దిగ ఊపుకుంట తీసిన. చూస్తే స్టడ్డు మూతి పుట్టగొడుగు లెక్క అంచులు విచ్చుకొని ఉంది. మొదట్ల ఫ్యాక్టరీ రంగు, దాని మీద తుప్పు, దాని మీద ఎర్రటి మొరం దుమ్ము, అన్నీ కలిసి ముద్ద కట్టినయి.

ఎందుకట్ల అయితదో చెప్త. స్టడ్డు బయటి మందం 8 మి.మీ., లోపల ఆరు మిల్లీమీటర్ల బోల్టుకు మరలుంటయి. చవక బ్రేకుల్లో ఆర్ము నేరుగా స్టడ్డు మీదనే తిరుగుతది. స్టడ్డు ఆర్ము మందం కంటే రవ్వంత పొడుగు ఉంటది, బోల్టు వాషరు స్టడ్డు మూతి మీద ఆనుతది, ఆర్ము దాని కింద స్వేచ్ఛగ తిరుగుతది. బోల్టుకు కావలసిన బిగింపు 5 నుంచి 7 న్యూటన్ మీటర్లు, అంటే చిన్న అలెన్ కీతో మణికట్టు బలం. మోటర్ చక్రం నట్టు లెక్క పైపు తొడిగి బిగిస్తే పలచని గోడ ఉన్న స్టడ్డు మూతి నొక్కుకుపోయి బయటికి ఉబ్బుతది. ఉబ్బిన మూతి ఆర్మును పట్టేస్తది. ఆర్ము పట్టేసింది కాబట్టి రబ్బరు రాసుకుంటది, రాసుకుంటున్నదని మళ్ల వైరు సదురుతరు, మళ్ల బోల్టు బిగిస్తరు. జబ్బు ఒక తాన, మందు ఇంకో తాన. ఇంత చేసి, ఇది గింతే ఉంటదని పిల్లగాడికి చెప్పిండ్రు! బిగించుడే రిపేరు అనుకునే చేతికి పిల్లల బండి ఇయ్యొద్దు. ఎంత బిగించాలెనో తెలిసినోడే మెకానిక్.

బాగు చేసిన పద్ధతి: సన్నటి ఆకురాయితో ఉబ్బిన అంచు మీద మాత్రమే, రెండు దెబ్బలు వేసి ఆర్ము తొడిగి చూసుడు, మళ్ల రెండు దెబ్బలు. మొత్తం స్టడ్డును అరగదీస్తే ఆర్ము గిలగిల ఊగుతది, ఆ ఊపుకు అరుపు ఇంకా పెరుగుతది. మూతి సరైనంక 400 నంబరు ఎమరీ కాగితాన్ని సన్నటి పట్టీగ కోసి, స్టడ్డు చుట్టు వేసి, బూటు పాలిష్ చేసినట్టు అటూ ఇటూ గుంజిన. రంగు, తుప్పు పోయి తెల్లటి ఇనుము తేలింది. ఆర్ము రంధ్రాన్ని గ్యాస్‌నూనెలో (కిరోసిన్‌లో) ముంచిన గుడ్డతో తుడిచిన. స్టడ్డుకు గ్రీజు పలచగ, వేలి ముద్ర పడేటంత. ఎక్కువ పూస్తే ఎండకు కరిగి రిమ్ము మీదికి దిగుతది, మన ఎండలు తెలిసినయే కదా. బోల్టు మరలకు నీలి లాక్‌టైట్ (మరలు వదులు కాకుండ పట్టే జిగురు) ఒక చుక్క. బిగించినంక, స్ప్రింగు తగిలించక ముందే మళ్ల అదే పరీక్ష పెట్టిన. ఎడమ ఆర్ము టప్పున వాలింది. మూడు నెలలుగ ఎవరితోనూ కాని పని. స్ప్రింగులు తగిలిస్తే రెండు రబ్బర్ల నడుమ సందు సమానం చేయడానికి ఒక్క అర చుట్టు సరిపోయింది.

లివరు సంగతి. పాతది విరిగితే అదే షాపులో మార్చిండ్రు, చేతికి దొరికింది వేసి. పాత కాలం కాలిపర్ బ్రేకు లివరు వైరును తక్కువ గుంజుతది. వీ బ్రేకు లివరు దానికి దాదాపు రెండింతలు గుంజుతది. వీ బ్రేకుకు ఆ తక్కువ గుంజే లివరు వేస్తే నొక్కుడు మెత్తగ ఉంటది, పిడికి తాకినా రబ్బరు సరిగ్గ ఆనదు. దాన్ని కప్పిపుచ్చడానికే వైరు గుంజి గుంజి రబ్బర్లను రిమ్ముకు అంటించి పెట్టిండ్రు. తిరగేస్తే, అంటే కాలిపర్‌కు వీ లివరు వేస్తే, నొక్కుడు రాయి లెక్క గట్టిగ ఉంటది గానీ బండి ఆగదు. కొనేటప్పుడు లివరు తిరిగే పిన్ను నుంచి వైరు గుండు కూసునే గుంత దాకా దూరం చూడండి. వీ లివరుకు అది స్పష్టంగ ఎక్కువ కనబడుతది. కొత్త లివరు వేసినంక పిడికి రెండు వేళ్ల దూరంలోనే బ్రేకు పడుతున్నది.

రబ్బర్లు. పాత వాటిలో మొరం రేణువులు గుచ్చుకొని ఉన్నయి. మన నల్లగొండ నేల గ్రానైటు నేల, మొరంలో పలుగు రేణువులు ఉంటయి, అవి రబ్బర్లో దిగి రిమ్మును గీరుతయి. గుండుపిన్నుతో తీసి, పైపొర ఎమరీతో రుద్దితే పనికొస్తయి. ఇవి మరీ అరిగినయి, మార్చిన. బిగించేటప్పుడు రబ్బరు పై అంచు రిమ్ము అంచుకు ఒక మిల్లీమీటరు కిందికి ఉండాలె. రబ్బరు వెనక కొసకు, రిమ్ముకు నడుమ పాత పెండ్లి పత్రిక ముక్క పెట్టి నొక్కి బిగిస్తే ముందు కొస మొదట తాకేటట్టు కూసుంటది, కీచు అరుపు దాంతోనే పోతది. నట్టు బిగుస్తుంటే రబ్బరు దానంతట అదే తిరిగిపోతది కాబట్టి ఇంకో చేత్తో కదలకుండ పట్టుకోవాలె. గిన్నె వాషర్లు ఒక జత మందం, ఒక జత పలచన వస్తయి. నొక్కినప్పుడు ఆర్ములు నిటారుగ నిలిచేటట్టు వాటిని లోపలికి, బయటికి మార్చుకోవాలె. రిమ్మును స్పిరిటు గుడ్డతో తుడవాలె, చైనుకు కొట్టే నూనె దాని మీద పడనియ్యొద్దు. క్రోమ్ ఇనుప రిమ్మయితే వాన తడికి బ్రేకు చాలా తగ్గుతది, వానలో ముందునుంచే మెల్లగ నొక్కుకుంట పోవాలని పిల్లలకు చెప్పండి.

ఇప్పుడు వైరు. ఔటర్‌ను, అంటే వైరు పై తొడుగును, ఎవరో మొద్దు కటింగ్ ప్లేయర్‌తో కోసిండ్రు, చివర నలిగి లోపలి ప్లాస్టిక్ గొట్టం మూసుకుపోయింది. పదును కట్టర్‌తో కోసి, చివర ఆకురాయితో చదును చేసి, దబ్బనంతో రంధ్రం తెరిచి, టోపీ పెట్టిన. గేరు ఔటర్‌ను బ్రేకుకు వాడొద్దు. దాంట్లో తీగలు నిలువుగ ఉంటయి, బ్రేకు బలానికి పగులుతది. హ్యాండిల్ రెండు పక్కలా పూర్తిగ తిప్పినా బ్రేకు గుంజుకోనంత పొడుగు వదలాలె. వంపు గొట్టం కొసకూ వైరు బిగించే బోల్టుకూ నడుమ 39 మి.మీ.కు తగ్గొద్దని సైకిల్ భాగాలు చేసే షిమానో కంపెనీ తన వీ బ్రేకులకు చెప్తది. తగ్గితే రబ్బరు అరిగినకొద్దీ గొట్టం బోల్టుకు తగిలి బ్రేకు పూర్తిగ పడదు. రెండు పక్కల సందు కలిపి 2 మి.మీ. పెట్టి, బోల్టు 6 నుంచి 8 న్యూటన్ మీటర్లకు బిగించిన.

విన్యాసాలకు వాడే ఫ్రీస్టైల్ బీఎంఎక్స్ ఫ్రేముల్లో బ్రేకు ఉంటే ఎక్కువగ వీ బ్రేకు కాదు, యూ బ్రేకు ఉంటది. దాని స్టడ్లు రిమ్ముకు పైన ఉంటయి, కాబట్టి రబ్బరు అరిగినకొద్దీ పైకి, టైరు దిక్కు పాకుతది. వీ బ్రేకులో కిందికి, పుల్లల దిక్కు దిగుతది. యూ బ్రేకు ఉన్నోళ్లు నెలకోసారి టైరు పక్క చూసుకోవాలె.

చీకటి పడక ముందు పిల్లగాడితో పానగల్ దిక్కు ఖాళీ రోడ్డు మీద ఇరవైసార్లు ఆపించిన, మెల్లటి వేగం నుంచి మొదలుపెట్టి. కొత్త రబ్బరు రిమ్ముకు అలవాటు పడాలంటే అన్నిసార్లు కావాలె. పదో సారి నుంచి పట్టు పెరిగింది, వెనక చక్రం జారుతుంటే "మామా, చూసినవా!" అని అరిచిండు. ఇంటికొచ్చి చూస్తే లివరు కొద్దిగ వదులైంది. దీన్ని వైరు సాగుడు అంటరు గానీ, చాలావరకు ఔటర్ చివరలు టోపీల్లో కుదురుకునుడే. లివరు దగ్గర గుండ్రటి అడ్జస్టరును రెండు చుట్లు బయటికి తిప్పి, దాని లాక్ నట్టు బిగించిన.