ల్యాబ్ వదిలి పేటెంట్ పనిలోకి: నా అనుభవం

మాది గద్వాల దగ్గర పల్లె. నడిగడ్డలో పుట్టినవాళ్లకు సీడు పత్తి, అంటే విత్తనం కోసం చేత్తో సంకరం చేసి పెంచే పత్తి గురించి వేరే చెప్పనక్కర్లేదు. హైదరాబాద్‌లో ప్లాంట్ బయాలజీలో పీహెచ్‌డీ చేశాను, పత్తిలో కరువును తట్టుకునే జన్యువుల మీద. ఆ తర్వాత పోస్ట్‌డాక్‌కు వెళ్లాలా, ఏదో ఒక కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా చేరాలా అని కొన్నాళ్లు ఊగిసలాడి, ఆ రెండూ కాకుండా పేటెంట్ల వైపు వచ్చాను. పాలమూరు, నల్లగొండ నుంచి ఎమ్మెస్సీ పిల్లలు దీని గురించి అడుగుతుంటారు, అందుకే ఇది రాస్తున్నాను.

పేటెంట్ ఏజెంట్ అంటే ఇతరుల తరఫున పేటెంట్ దరఖాస్తులు రాసి, పేటెంట్ ఆఫీసులో నడిపే వ్యక్తి. అలా కావడానికి ఎల్‌ఎల్‌బీ అక్కర్లేదు. భారత పౌరులై, 21 ఏళ్లు నిండి, సైన్స్, ఇంజనీరింగ్ లేదా టెక్నాలజీలో డిగ్రీ ఉంటే పరీక్ష రాయొచ్చు. మా నాయనకు ఇది ఎంత చెప్పినా ఎక్కలేదు. "ఇన్నేండ్లు మొక్కలు సదివి ఇప్పుడు నల్లకోటు ఏస్తవా?" అన్నాడు. కోర్టులో వాదించేది లాయర్లే, నేను పేటెంట్ ఆఫీసు దగ్గరి పని చూస్తాను నాయనా అన్నాను. "మరి దానికి డాక్టరేట్ ఎందుకు?" అన్నాడు. చట్టం ప్రకారమైతే నిజంగానే అవసరం లేదు. కానీ బయోటెక్ ఫైళ్లు చూసే సంస్థలు పీహెచ్‌డీ ఉన్నవాళ్ల కోసమే ఎక్కువగా చూస్తాయి.

పరీక్షలో రెండు పేపర్లు, ఆపైన వైవా. మొదటి పేపర్ 1970 పేటెంట్ల చట్టం, దాని రూల్స్ మీద. రెండోది స్పెసిఫికేషన్, అంటే ఆవిష్కరణను వివరించే పత్రం రాయడం, చదివి అర్థం చేసుకోవడం మీద. ఒక్కోదాంట్లో 50 శాతం, మొత్తం మీద 60 శాతం రావాలి. ఏటా తప్పకుండా పెడతారన్న గ్యారంటీ లేదు కాబట్టి నోటిఫికేషన్ వచ్చాక చదువుదాంలే అనుకుంటే టెన్షనే. కోచింగ్ నోట్స్ కంటే చట్టాన్నే ముందు పెట్టుకుని చదవడం మేలు. 2024 మార్చిలో రూల్స్ మారాయి, మన పేటెంట్ దరఖాస్తును పరిశీలించమని ఆఫీసును కోరే గడువు 48 నెలల నుంచి 31 నెలలకు తగ్గింది. పాత నోట్స్‌లో ఇంకా 48 అనే ఉంటుంది. ఇక రెండో పేపర్ పాత ప్రశ్నల్లో నేను చూసినవి చాలావరకు చిన్న చిన్న పరికరాలే. మొక్కలు తప్ప వేరే తెలియని నేను మూతలు, స్ప్రింగులు, గొట్టాల మీద క్లెయిములు (దేని మీద, ఎంతవరకు హక్కు కావాలో చెప్పే వాక్యాలు) రాసి రాసి చేయి తిప్పుకున్నాను.

చట్టం మొత్తంలో నన్ను కట్టిపడేసింది మాత్రం సెక్షన్ 3(జె). సూక్ష్మజీవులు తప్ప మొక్కలు, జంతువులు, వాటి భాగాలు, విత్తనాలు, రకాలు, జాతులు, ప్రధానంగా జీవసంబంధమైన పద్ధతులు, వీటికి పేటెంట్ ఇవ్వరు. ఈ వాక్యం చదివితే నాకు మా చేనే కళ్ల ముందు కనిపించింది. సాయంత్రం పూట మర్నాడు విచ్చబోయే మొగ్గను చూసి, బొటనవేలి గోటితో రేకులు, పుప్పొడి తిత్తులు ఒలిచేసి గుర్తు పెడతారు. పొద్దున్నే మగ పువ్వు తెచ్చి కీలాగ్రానికి రుద్దుతారు. అంత ఒడుపున్న పని అయినా దానికి పేటెంట్ రాదు, అందులోంచి వచ్చిన విత్తనానికీ రాదు. కొత్త రకానికి రక్షణ కావాలంటే 2001 నాటి మొక్కల రకాల చట్టం కింద రిజిస్టర్ చేసుకోవాలి. పత్తిలాంటి పంటలకు అది 15 ఏళ్లు. విత్తనం దాచుకుని మళ్లీ విత్తుకునే హక్కు రైతుకు అక్కడ ఉంది.

మరి విత్తనంలో పెట్టిన జన్యువు సంగతి? ఈ ప్రశ్న మీదే అమెరికా కంపెనీ మోన్‌శాంటో, మన విత్తన కంపెనీ నూజివీడు సీడ్స్ కోర్టుకెక్కాయి. పత్తిని పురుగు నుంచి కాపాడే బీటీ జన్యువు మీద మోన్‌శాంటోకున్న పేటెంట్ 3(జె) కింద చెల్లదని 2018 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం చెప్పింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, సాక్ష్యాలతో విచారణ జరగాల్సిందేనని వెనక్కి పంపింది. 2021లో రెండు కంపెనీలూ రాజీపడ్డాయి. అసలు ప్రశ్న తేలకుండానే మిగిలింది. నా మటుకు నాకు అది తేలి ఉంటేనే బాగుండేది.

ఉద్యోగంలో చేరాక అసలు చదువు మొదలైంది. థీసిస్‌లో ఎన్ని వివరాలిస్తే అంత గౌరవం. మొదటి డ్రాఫ్టులో నేను అదే అలవాటుతో ఒకటో క్లెయిములోనే ఉష్ణోగ్రత 28 డిగ్రీలు, వెలుతురు 16 గంటలు అని పెట్టాను. మా సీనియర్ మేడమ్ పెన్సిల్‌తో ఆ రెండూ కొట్టేసి, "పక్క కంపెనీవాడు 30 డిగ్రీల్లో చేసుకుంటే?" అని అడిగారు. క్లెయిములో అక్కర్లేని ప్రతి వివరం కంచెలో వదిలిన సందే. అలాగని పూర్తిగా వదిలెయ్యకూడదు, ఆ అంకెలు వివరణలోకీ కింది క్లెయిముల్లోకీ వెళ్తాయి. బయోఎరువులైతే ఇంకో చిక్కు. నాలుగు బ్యాక్టీరియాలు కలిపితే చాలదు, కలిపినందువల్ల విడివిడిగా రాని ఫలితం వచ్చిందని డేటా చూపించాలి, లేదంటే ఊరికే కలిపిన మిశ్రమానికి పేటెంట్ రాదనే సెక్షన్ 3(ఇ) కింద అభ్యంతరం తప్పదు. ఇక్కడి జీవ వనరు వాడితే అది ఎక్కడిదో స్పెసిఫికేషన్‌లో చెప్పాలి, జీవవైవిధ్య చట్టం కింద చెన్నైలోని జాతీయ సంస్థ దగ్గర పని కూడా పూర్తి చేసుకోవాలి. ఫైళ్లు ఎక్కువగా ఆగేది ఇక్కడే.

యూనివర్సిటీల్లో ఉన్న మిత్రులకు మొత్తుకునేది ఒక్కటే: పేపర్ అచ్చయ్యాక పేటెంట్ కోసం ఫోన్ చేయకండి, అప్పటికి కొత్తదనం పోతుంది. ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక దరఖాస్తు) వేస్తే పూర్తి స్పెసిఫికేషన్‌కు 12 నెలలు దొరుకుతాయి, ఈలోపు పేపర్ పంపుకోవచ్చు.

ఈ దారిలోకి రావాలనుకునేవాళ్లు డబ్బు కట్టి కోర్సుల్లో చేరేముందు పేటెంట్ ఆఫీసు ఉచిత సెర్చ్ సైట్ తెరిచి, మీకు తెలిసిన పంట మీద ఒక అప్లికేషన్ పట్టుకోండి. మొదట వేసిన క్లెయిములు, ఆఫీసు పంపిన అభ్యంతరాల రిపోర్టు, దానికిచ్చిన జవాబు, చివరికి మంజూరైన క్లెయిములు పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఏది ఎందుకు కోసేశారో మీ అంతట మీరే చెప్పగలగాలి. నా ఇంటర్వ్యూలో ఎక్కువసేపు అడిగింది ఇదే.