మిద్దె మీద ఎండ

ప్రొద్దుటూరులో మేము పుట్టి పెరిగిన ఇల్లు చవుడు మిద్దె. దూలాల మీద దంతెలు పేర్చి, వాటిపైన నాపబండలు పరచి, జానెడు మందాన మట్టి పోసి, ఆపైన చవుడు తొక్కించేవారు. ఆ ఇంటిని పడగొట్టి అయిదంగుళాల కాంక్రీటు స్లాబుతో కొత్త ఇల్లు కట్టుకున్న మొదటి వేసవిలోనే, మేము పోగొట్టుకున్నది ఏమిటో తెలిసివచ్చింది.

మిట్టమధ్యాహ్నం కంటే రాత్రి ఎనిమిది గంటలకు పడకగది ఎక్కువగా ఉడికిపోయేది. పగలంతా ఎండను తాగిన స్లాబు ఆ వేడిని కొన్ని గంటలు ఆలస్యంగా లోపలికి వదులుతుంది. ఏసీ గదిలోని గాలిని చల్లబరుస్తున్నంతసేపూ నెత్తిమీది కప్పు మళ్లీ వేడిని దింపుతూనే ఉంటుంది. కరెంటు బిల్లులో అధికభాగం ఈ పోరాటానికే పోతోందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. నివాస భవనాల్లో కరెంటు పొదుపు కోసం కేంద్ర ప్రభుత్వం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే నియమావళి ప్రకారం, లోపలికీ బయటికీ ఒక్కో డిగ్రీ తేడాకు పైకప్పులో చదరపు మీటరు గుండా 1.2 వాట్లకు మించి వేడి దాటకూడదు. ఉత్త స్లాబు అంతకు రెట్టింపుకు పైగానే దాటనిస్తుంది.

మొదట సున్నంలో జిగురు కలిపి రెండు పూతలు వేయించాము. ఖర్చు తక్కువ, ఫలితం వెంటనే కనిపించింది. కానీ దుమ్ము పేరుకుని తెలుపు మాసేకొద్దీ గుణం తగ్గుతుంది కాబట్టి, ఏటా ఉగాదికి ముందే కడిగి మళ్లీ పూయాలి. రెండేళ్ల తరువాత స్లాబుపైన నీరు దిగకుండా పూత వేయించి, వేడిని అడ్డుకునే రెండంగుళాల ఎక్స్‌పీఎస్ (గట్టి నురుగు ప్లాస్టిక్) పలకలు పరిపించి, వాటిపైన వాలు చూసి కాంక్రీటు పోయించి తెల్ల టైల్స్ అతికించాము. లోపల ఫాల్స్ సీలింగ్ చేయిస్తే సరిపోతుందని మేస్త్రీ అన్నాడు, నేను ఒప్పుకోలేదు. అడుగున అడ్డం పెడితే స్లాబు ఎండకు కాగుతూ, రాత్రికి చల్లారుతూ, వ్యాకోచ సంకోచాలతో నెర్రెలు విచ్చే ప్రమాదం అలాగే ఉంటుంది. పైన పరిస్తే స్లాబే నీడలో ఉంటుంది. మా తాతల మట్టి చేసిన పనీ అదే.

ఇప్పుడు ఏసీని 26 దగ్గర పెట్టి, అర్ధరాత్రి దాటాక ఆపేసి ఫ్యానుతో నిద్రపోతున్నాము. అమ్మ మళ్లీ మధ్యాహ్నం పూట నడిమింట్లో చాప పరుచుకుంటోంది. పడమటి గోడ మాత్రం ఇంకా కాగుతూనే ఉంది. వచ్చే ఎండాకాలం లోపు దానికి పందిరి వేయించి, చిక్కుడు పాదు పాకించాలి.