పికాచూ తోక దగ్గర ఓడిపోయాను

నిన్న అక్కతో పందెం కట్టాను. పోకెమాన్ కార్టూన్‌లోని పసుపు జీవి పికాచూ తోక చివర నల్లగా ఉంటుందని కాగితం మీద గీసి మరీ చూపించాను. తీరా బొమ్మ చూస్తే చివరంతా పసుపే, మొదట్లో కాస్త గోధుమ రంగు. నలుపు ఉన్నది చెవుల కొనలకు! దాన్ని నా బుర్ర తోకకూ పులిమేసింది.

గెలిచిన అక్క కూడా మోనోపలీ ఆట డబ్బా మీది ముసలాయనకు ఒంటికంటి అద్దం ఉందనే అంటోంది. లేదు. టోపీ, చేతికర్ర ఉన్న దొరగారికి అద్దం కూడా ఉండాలని మనసే తగిలిస్తుందని ఒక వివరణ. పికాచూ తోకకు అది అతకదు మరి. 2022లో మనస్తత్వ పరిశోధకులు దీపశ్రీ ప్రసాద్, విల్మా బెయిన్‌బ్రిడ్జ్ ప్రచురించిన ప్రయోగాల్లోనూ, ఇలాంటి బొమ్మల్ని జ్ఞాపకం నుంచి గీయమంటే చాలామంది ఒకే రకం తప్పులు గీశారు. అందరినీ ఒప్పించే ఒకే కారణం వారికీ దొరకలేదు.

అక్క ఇంకా ఆ ఆట డబ్బా కోసం అటక మీద వెతుకుతోంది.