వెనక బెంచీ స్నేహితులు

ఈరోజు మా సీనియర్ లాయర్ గారి కేసులు రెండు, రెండు కోర్టు హాళ్లలో ఒకేసారి పిలుపుకొచ్చాయి. ఆయన ఊళ్లో లేరు. నేను ఒక హాల్లో జడ్జి గారి ముందు నిలబడి ఉన్నాను. రెండో హాల్లో ఎవరూ పలకకపోతే కేసు డిస్మిస్ అయ్యే ప్రమాదం ఉంది. టెన్షన్‌తో అరచేతులు తడిసిపోయాయి.

రెండో హాల్‌కి పరుగెత్తుకెళ్లేసరికి, వేరే ఆఫీసులో పనిచేసే జూనియర్ ఒకమ్మాయి అప్పటికే లేచి పాస్ ఓవర్, అంటే కేసును కాసేపాగి మళ్లీ పిలవమని అడిగేసింది. కాజ్ లిస్టులో, అంటే ఆ రోజు కేసుల జాబితాలో, మా నంబరు పక్కన పెన్సిల్‌తో టిక్కు పెట్టి, "కంగారు పడకు, లంచ్ తర్వాత మళ్లీ పిలుస్తారు" అంది. నాకు కళ్లు చెమర్చాయి.

నెట్‌వర్కింగ్ అంటే పెద్దవాళ్ల దృష్టిలో పడటమే అనుకునేదాన్ని ఇన్నాళ్లూ. నిజానికి నన్ను నిలబెడుతున్నది నా పక్కన కూర్చునే నలుగురే. ఫైలింగ్‌లో అభ్యంతరం పెట్టి కాగితాలు తిప్పి పంపితే ఏం సరిచేయాలో, సర్టిఫైడ్ కాపీకి (కోర్టు ధ్రువీకరించి ఇచ్చే నకలుకి) అప్లికేషన్ ఎలా రాయాలో వాళ్ల దగ్గరే నేర్చుకున్నాను. కాలేజీలో ఇవి ఎవరూ చెప్పలేదు.

ఒక్క విషయంలో మాత్రం మేం చాలా గట్టిగా ఉంటాం. క్లయింట్ పేరుగానీ, కేసు సంగతులుగానీ మా మధ్య రావు. రేపు మాలో ఒకరు ఎదుటి పక్షాన ఉండొచ్చు కదా. సందేహం ఉంటే ప్రొసీజర్ వరకే అడుగుతాం. సీనియర్ కోప్పడితే ఆ బాధ మాత్రం పూర్తిగా చెప్పుకుంటాం.

గత వారం చేరిన అబ్బాయి ఒకడు ఎవరితోనూ మాట్లాడకుండా మూల కూర్చుంటున్నాడు. రేపు వెళ్లి వాడి పక్కన కూర్చుంటాను.