ముందు చక్రానికే సెన్సరు

కాలువలు కట్టేశారు, చెరువులో రొయ్య పట్టుబడీ అయిపోయింది, జీపుకి పెద్దగా పని లేదు. ఎప్పటినుంచో వాయిదా పడుతున్న స్పీడు సెన్సరు పని ఈరోజు పెట్టుకున్నాం.

మాది పాత డీజిల్ మహీంద్రా జీపు. మేత బస్తాలు, చెరువు నీళ్ళకి గాలి ఎక్కించే ఏరేటర్ మోటార్లు, డీజిల్ డబ్బాలు అన్నీ ముమ్మిడివరం నుంచి చెరువు గట్టు దాకా దాంట్లోనే వెళతాయి. స్పీడోమీటరు కేబులు లోపల తిరిగే తీగ ఈ ఉప్పు గాలికి తుప్పు పట్టి తెగిపోతుంది. కొత్తది వేసినా అంతే. అందుకే కేబులు బదులు సెన్సరు. "గట్టు మీద ఎటూ రెండో గేరేగా, మీటరెందుకురా?" అన్నాడు బాబాయి. నాకు ముల్లు కన్నా కిలోమీటర్ల లెక్క ముఖ్యం. ఆయిలు ఎప్పుడు మార్చాలో, లీటరుకి ఎంత వస్తోందో తెలియకుండా బండి నడపడం నాకు నచ్చదు.

సెన్సరు ఎక్కడ పెట్టాలన్న దాని మీదే పొద్దున్న చాలాసేపు మాట్లాడుకున్నాం. ఇంజను బలాన్ని వెనక చక్రాలకి అందించే ప్రొపెల్లర్ షాఫ్టు దగ్గర తేలిక, బురదా తక్కువ. కానీ అది తిరిగేది వెనక చక్రాలతో. రేగడి గట్టు తడిసిందంటే వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. బండి అంగుళం కదలకపోయినా మీటరు పరిగెడుతుంది, ఆ తిరుగుడంతా కిలోమీటర్లలో కలిసిపోతుంది. టూ వీల్ డ్రైవ్‌లో ముందు చక్రాలకి ఇంజను బలం అందదు కాబట్టి బండి కదిలితేనే అవి తిరుగుతాయి. అందుకే ముందు ఎడమ చక్రమే అన్నాను. ఫోర్ వీల్ వేస్తే అవీ జారతాయి, నిజమే. ఎప్పుడో తప్ప మేం అది వేయం.

సెన్సరు హాల్ రకం, అంటే అయస్కాంతాన్ని పసిగట్టేది. చక్రంతో తిరిగే అయస్కాంతం దాని ముందుకొచ్చిన ప్రతిసారీ మీటరు ఒక చుట్టు లెక్కపెడుతుంది. ఆ అయస్కాంతాన్ని బ్రేకు డ్రమ్ముకి అతికిద్దామన్నాడు ఎలక్ట్రీషియన్ తమ్ముడు. వద్దన్నాను. మామూలు నియోడిమియం అయస్కాంతం 80 డిగ్రీలు దాటితే బలం తగ్గిపోతుంది, డ్రమ్ము అంతకన్నా ఎక్కువే వేడెక్కగలదు. రిమ్ము లోపలి అంచున పెయింటు గీకి ఎపాక్సీతో అంటించాం. అంటించే ముందు మల్టీమీటరు పెట్టి చూశాం. ఈ హాల్ సెన్సరు అయస్కాంతం దక్షిణ ధ్రువానికే పలుకుతుంది. బిళ్ళ ఒక వైపు దగ్గరికి తెస్తే ముల్లు కదల్లేదు, తిరగేసి తెచ్చామో లేదో ఐదు వోల్టులు కాస్తా సున్నాకి పడిపోయింది. "భలే ఉందన్నయ్యా!" అంటూ తమ్ముడు దాన్ని మళ్ళీ మళ్ళీ దగ్గరికీ దూరంగానూ జరిపి చూశాడు. ఆ వైపుకి మార్కరుతో చుక్క పెట్టాం.

సెన్సరు బ్రాకెట్టు డ్రమ్ము వెనక ఉండే, తిరగని బ్యాకింగ్ ప్లేటు బోల్టుకి బిగించాం. స్టెయిన్‌లెస్ స్టీలే వాడాం, మామూలు ఇనుము ఇక్కడ నిలవదు. సందు రెండు మూడు మిల్లీమీటర్లు. జాకీ మీద చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పి, వంగిన రిమ్ము ఎక్కడా రాసుకోవడం లేదని చూసుకున్నాం. వైరుని బ్రేకు పైపు వెంట తీసుకెళ్ళి, స్టీరింగు అటూ ఇటూ పూర్తిగా తిప్పి చూసి, లాగుడు పడనంత వదులు వదిలాం. జాయింట్లకి వేడి చేస్తే ముడుచుకుని పట్టేసే, జిగురున్న హీట్ ష్రింక్ స్లీవు, పైన గ్రీజు. చెరువు నీళ్ళు రాగిని ఎలా పచ్చగా తినేస్తాయో ఏరేటర్ వైర్లలో చూస్తూనే ఉన్నాం.

మీటరుకి చక్రం చుట్టుకొలత చెప్పాలి. 28 అంగుళాల టైరు లెక్క ప్రకారం 223 సెంటీమీటర్లు. కానీ బరువుకి టైరు నొక్కుకుంటుంది. మేత బస్తాలు వేసి, టైరు మీదా రోడ్డు మీదా చాక్‌పీసు గీత గీసి, ఒక చుట్టు నెట్టి టేపు పెడితే 217 వచ్చింది. నేను 2170 మిల్లీమీటర్లే కొట్టాను. మురమళ్ళ వైపు రోడ్డెక్కి ఫోన్లో జీపీఎస్ పెట్టి చూస్తే రెండూ నలభై దగ్గర కలిశాయి. బాబాయి పక్కనే కూర్చుని మీటరు వంకే చూస్తున్నాడు. "సరేలే, ట్రాక్టరుకీ ఒకటి తెద్దాం" అన్నాడు.

రేపు ఆయిలు మార్చి, ఆ రీడింగు బానెట్టు లోపల పెయింటుతో రాయాలి. వానలు పడేలోపు సెన్సరుకి ముందు చిన్న రబ్బరు మడ్‌ఫ్లాపు కూడా కట్టాలి.