పర్లాకిమిడి ఎండలో ఊసరవెల్లి పిల్ల: గూడు పని ఎంతవరకు వచ్చిందంటే

ఫిబ్రవరి

ముందు జంతువు సంగతి. ఇది మన తోటల్లో తిరిగే ఊసరవెల్లి కాదు. యెమెన్, సౌదీ అరేబియా వైపు జాతి, పెంపకంలో పుట్టిన పిల్ల. వెయిల్డ్ కెమీలియన్ అంటారు. వయసు మూడు నెలలు దాటింది. వెనక కాళ్ళ మడమల దగ్గర చిన్న ముల్లులాంటిది పొడుచుకుని ఉంది కాబట్టి మగది. పెద్దయ్యాక తోకతో కలిపి అడుగున్నర నుంచి రెండడుగులు ఉంటుంది. కాగితాలు సరిగ్గా ఉన్న పెంపకందారు దగ్గరే తీసుకున్నాను. సైటిస్ (అడవి జీవుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందం) జాబితాలోని విదేశీ జాతులను ఇంట్లో ఉంచుకునేవాళ్ళు పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలని కేంద్రం 2024 ఫిబ్రవరిలో నియమాలు తెచ్చింది. ఇప్పుడు కొత్తగా తెచ్చుకుంటే 30 రోజుల్లోపు ఆ పని అయిపోవాలి. గూడుకి కొలతలు తీసేకన్నా ముందు ఆ దరఖాస్తు పెట్టాను.

ఈ కబురు తెలిసి పక్కవీధి బాబాయి జీడితోటలో దొరికిన ఊసరవెల్లిని సంచిలో వేసుకుని వచ్చాడు. "ఒరే, నీ దాంతోపాటు ఇదీ పడేయరా, జతుంటాది" అన్నాడు. అది మన దేశపు జాతి. 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉంది, పట్టుకోవడమే నేరం. పైగా ఊసరవెల్లులు ఒంటరి జీవులు. ఒక గూట్లో రెండుంటే, కొట్టుకోకపోయినా, ఒకదాన్ని చూసి ఒకటి తిండి మానేస్తాయి. ఆ సాయంత్రమే ఇద్దరం వెళ్ళి అదే తోటలో, అదే చెట్టు మీద వదిలేశాం. దానికి విషం ఉందని మహేంద్రగిరి కింద ఊళ్ళలో ఇప్పటికీ కొట్టి చంపేస్తారు. విషం లేదు పాడూ లేదు.

ఇక గూడు. పెద్దదానికి రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, నాలుగడుగుల ఎత్తు కావాలి. పిల్లని అంత చోట్లో వదిలితే పురుగులు ఎటో పోతాయి, అది వెతుక్కోలేదు. చిన్న గూడు కొని మళ్ళీ పెద్దది కొనడం నాకిష్టం లేదు. అందుకని పెద్ద ఫ్రేమే కట్టించి, సగం ఎత్తులో తీసి పెట్టుకునే జాలీ అర వేయించాను. ఇప్పటికి పై సగం మాత్రమే దానిది. అల్యూమినియం పని చేసే ఆయన కొలతలు చూసి "ఏటి బాబూ, లవ్‌బర్డ్స్‌కా?" అన్నాడు. సంగతి చెప్తే నమ్మలేదు గానీ పని మాత్రం నీటుగా చేశాడు.

జాలీ విషయంలో పట్టుబట్టాల్సింది ఒకటుంది. కిటికీలకి వేసే దోమల నెట్‌లో ఫైబర్ రకం వద్దు. కీచురాళ్ళు దాన్ని కొరికి బయటపడతాయి. కోళ్ళ గూళ్ళ జాలీ అయితే కన్నాలు పెద్దవి, అంచులు గరుకు, గోళ్ళు ఊడతాయి. సన్న కన్నాల అల్యూమినియం జాలీ వేయించి, కత్తిరించిన అంచులన్నీ ఫ్రేము లోపలికి మడిపించాను. నాలుగు పక్కలా, పైనా జాలీయే. కింద మాత్రం కాస్త వాలుగా పీవీసీ షీటు, దానికొక కన్నం, కన్నం కింద టబ్బు. ఇసుక, గులకరాళ్ళు, కొబ్బరి పొట్టు ఏమీ వెయ్యలేదు. పురుగు కోసం నాలుక విసిరినప్పుడు రాయి కూడా అంటుకుని కడుపులోకి పోతుంది.

మార్చి

విదేశాల వాళ్ళ సూచనలు చదివితే సగం పేజీలు వేడి గురించే ఉంటాయి. గూడుకి ప్లాస్టిక్ కట్టు, తేమ పోకుండా మూసేయి, హీటరు పెట్టు అంటారు. వాళ్ళ ఇళ్ళు చల్లన, గాలి పొడి. మనకి పర్లాకిమిడిలో తేమకి కొదవా, వేడికి కొదవా? ఇక్కడ పెట్టే బుర్రంతా గాలి ఆడడానికి, చీమలకి, పొగకి పెట్టాలి.

చీమలతోనే మొదలైంది. గూట్లో మిగిలిన పురుగు వాసనకి ఎర్రచీమలు గోడ వెంట బారు కట్టాయి. ఇంత పిల్లని చీమలు పట్టాయంటే మిగలదు. మందు చల్లడానికి లేదు. అమ్మ చెప్పిన ఉపాయం పాతదే. ఒకప్పుడు పాలు, కూరలు పెట్టే జాలీ అలమార కాళ్ళకింద నీళ్ళ పళ్ళేలు ఉండేవి కదా, అదే. గూడు నాలుగు కాళ్ళూ నాలుగు స్టీలు గిన్నెల్లో పెట్టి, నీళ్ళలో ఒక చుక్క సబ్బు కలిపాను. ఎండలకి ఎండిపోతుంది, దోమ గుడ్లు కూడా పెడుతుంది, అందుకని నీళ్ళు తరచూ మారుస్తున్నాను. గూడు గోడకి తగలకూడదు, కరెంటు వైరు కూడా చీమలకి వంతెనే. వైరు చుట్టూ వేజలీన్ రాశాను. అదే వైరు ప్లగ్గులోకి వెళ్ళే ముందు కిందికి వేలాడి మళ్ళీ పైకెక్కేలా వదిలాను, నీళ్ళు జారినా ప్లగ్గులోకి పోవు.

పొగ దగ్గర ఇంట్లో చిన్న పంచాయితీ. దోమల చక్రం, ప్లగ్గుకి పెట్టే దోమల మందు, రెండూ ఆ గదిలో బంద్. అందులోని మందు పాకే జంతువులకి పడదు. అగరొత్తులు, సాంబ్రాణి కూడా వద్దంటే అమ్మకి కోపం వచ్చింది. "ఏట్రా, బల్లి కోసం దేవుడికి ధూపం మానేయాలా?" అంది. దేవుడు కింద, గూడు మేడ మీద గదిలో అని రాజీ కుదిరింది. తూర్పు కిటికీ ఉంది, జనం తిరగరు, ఇదే నయం. పిల్ల కూర్చునే కొమ్మ నా కళ్ళకన్నా ఎత్తులో ఉండేలా బల్ల మీద పెట్టాను. పైనుంచి మనిషి వంగి చూస్తే గద్ద వచ్చిందనుకుని నల్లబడిపోతుంది.

కొమ్మలు జామవి. దాని పాదం చుట్టూ పట్టి సరిపోయేంత లావువి ఏరి, మరిగే నీళ్ళు పోసి, ఎండబెట్టి, అడ్డంగా కట్టాను. మొక్కలు మందార, మనీ ప్లాంట్. ఈ జాతి ఆకులు కూడా కొరుకుతుంది, అందుకే నర్సరీ నుంచి తెచ్చినవి బాగా కడిగి, మట్టి మార్చి, కొత్త చిగుళ్ళు వచ్చేదాకా విడిగా ఉంచాకే లోపల పెట్టాను. గన్నేరు, జిల్లేడు దగ్గరికి కూడా రానివ్వకండి.

లైట్లు రెండు. యూవీబీ (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం) ఇచ్చే పొడవాటి టీ5 అనే సన్న ట్యూబు, 6 శాతం యూవీబీ రకం. స్ప్రింగులా మెలితిరిగి ఉండే చిన్న యూవీ బల్బులు అగ్గువే గానీ వెలుగు ఒక్క చోటే పడుతుంది, కొనకండి. ట్యూబు గూడు పైకప్పు జాలీ మీద, దాని కింద కొమ్మ సుమారు 20 సెంటీమీటర్ల దూరంలో. అద్దం యూవీబీని దాదాపు మొత్తం ఆపేస్తుంది, కాబట్టి మూసిన కిటికీలోంచి ఎండ పడుతోందిలే అనుకుంటే కుదరదు. ట్యూబు వెలుగుతున్నా ఏడాదికొకసారి మార్చాల్సిందే. రెండోది వేడికి, 40 వాట్ల పాతరకం ఫిలమెంట్ బల్బు. ఎల్ఈడీతో వేడి రాదు. బల్బు కూడా జాలీ బయటే. లోపల ఉంటే ఎక్కి పట్టుకుంటుంది, వీపు కాలుతున్నా దానికి వెంటనే తెలియదు. కొమ్మ మీద 29, 30 డిగ్రీలు చాలు. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు, తర్వాత పూర్తి చీకటి. రాత్రి ఎర్ర లైటు కూడా అక్కర్లేదు.

ఏప్రిల్

గిన్నెలో నీళ్ళు పెడితే ఇది తాగదు, ఆకు మీద జారే చుక్కనే నాకుతుంది. మెడికల్ షాపులో కొత్త సెలైన్ సెట్టు కొని, మూతకి కన్నం పెట్టిన నీళ్ళ సీసాకి తగిలించి గూడు మీద వేలాడదీశాను. పైపుకున్న చిన్న చక్రం తిప్పితే మందారాకు మీద నిదానంగా చుక్కలు పడతాయి. మొదట ఒక కన్ను ఆకు వైపు తిరుగుతుంది, రెండో కన్ను ఇంకా నన్నే చూస్తుంటుంది. నేను కదలకపోతే ముందుకు వంగి, గొంతు కింద చర్మం ఆడిస్తూ తాగుతుంది. లైటు వెలిగే ముందు ఒకసారి, ఆరాక ఒకసారి పంపు స్ప్రేతో గూడంతా తడుపుతాను. మధ్యలో ఆకులు పూర్తిగా ఆరాలి. రోజంతా తడిగా, గాలి ఆడకుండా ఉంటే ఊపిరితిత్తులకి జబ్బు చేస్తుంది. మన వానాకాలంలో ఇదే అసలు టెన్షన్. నీళ్ళు సరిపోతున్నాయో లేదో రెట్టలో తెల్లటి భాగం చెబుతుంది. తెల్లగా ఉంటే సరే, నారింజ రంగుకి తిరిగితే నీళ్ళు చాలట్లేదు.

గదిలో 34 దాటిందంటే వేడి బల్బు ఆపేసి ట్యూబు ఒక్కటే ఉంచుతున్నాను. కిటికీకి వట్టివేళ్ళ తడక కట్టి తడుపుతాను, గూడుకి కాదు. ఫ్యాను గాలి గోడకి కొట్టి రావాలి, తిన్నగా దాని మీద పడకూడదు. రంగు పాలిపోయి నోరు తెరిచిందంటే వేడి ఎక్కువైందని గుర్తు.

తిండికి కీచురాళ్ళు టబ్బులో నేనే పెంచుతున్నాను. గుడ్ల ట్రేలు, క్యారెట్, మునగాకు, అంతే. రాత్రంతా అరుపులే, అది భరించాలి. దాని రెండు కళ్ళ మధ్య దూరం కన్నా పెద్ద పురుగు పెట్టను. విటమిన్ డీ3 లేని కాల్షియం పొడి ప్రతి పూటా, డీ3, విటమిన్లు ఉన్నది నెలకి రెండుసార్లు. ఇవి తప్పితే పిల్లకి ఎముకలు వంగిపోతాయి. పొలం మిడతలు ఉచితమే గానీ పురుగుమందు తిని ఉంటాయి. మిణుగురులు విషం. మిగిలిన కీచురాళ్ళని చీకటి పడకముందే తీసేస్తాను, నిద్రపోతుంటే ఇవే దాన్ని కొరుకుతాయి.

కరెంటు పోతే ఏం చేస్తావని అడిగారు కొందరు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఈ గజపతి జిల్లాలో కరెంటు లేక పడ్డ పాట్లు మర్చిపోలేదు. ఒకటి రెండు రోజులు ట్యూబు లేకపోతే ఏమీ కాదు, చేత్తో నీళ్ళు కొడితే చాలు. ఇన్వర్టరు దీనికోసమని కొనలేదు.

వానలు పడేలోపు చెయ్యాల్సినవి రెండు. గూడు వెనక చిన్న కంప్యూటర్ ఫ్యాను పెట్టి గది గాలిని కిటికీలోంచి బయటికి తోయించాలి. ఈ జాతిని చూసే పశువైద్యుడు మా ఊళ్ళో లేరు, విశాఖలో ఎవరు చూస్తారో ముందే కనుక్కుని నంబరు గూడుకి అంటించాలి. మధ్య అర తీసేది పిల్ల ఇప్పుడున్న సైజుకి రెట్టింపు అయ్యాకే.